అమెరికా కొండపల్లెల పాటలు – లక్క రికార్డులు



నేటి ప్రసంగమునకు విషయము అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కొండపల్లెల పాట. ఆ దూరదేశపు పాటతో మనకేమి పనియని మీలో కొందఱు శంకింపవచ్చును. పని కలదు. ఆ పాట పాడినవారు ఆస్థానవిద్వాంసులు కారు. సంగీతపాఠశాలలలో చదివినవారును కారు. సేద్యము చేసికొనువారు, బట్టల మిల్లులలో కూలి చేయువారు, బొగ్గుగనులలో దిగువారు, కంచరగాడిదల బండ్లు తోలువారు. తండ్రివలననో, మేనమామవలననో, పొరుగువానివలననో పాట నేర్చి, పెండ్లిండ్లలోను పంట యింటికి వచ్చిన దినములలోను వాయించి, తమ యూరిలోనే కాలము గడపినవారు. 1922 మొదలు సుమారు పదియేండ్లలో వర్తకులు వారి పాటను యంత్రమున పట్టి యమ్మిరి. ఆ వర్తకమువలన ఒక తరమువారి పాట మనకు దక్కినది. ఆ వర్తకమువలననే అది కొంత కత్తిరింపబడినది, కొంత మఱుగుపడినది. ఏది యమ్ముడుపోవునని వర్తకుడు తలచెనో అది నిలిచెను. తక్కినదానిలో చాల భాగము పాడినవారితోనే పోయెను. పల్లెపాట యెఱిగిన మీబోటి పెద్దలు వినదగిన కథ కావున దీనిని కొంత వివరముగ మనవి చేసెదను.

అమెరికాలో తూర్పుసముద్రమునకు కొంత లోపలగా, ఈశాన్యమునుండి నైరృతి దిక్కునకు అపలాచియన్ అను పర్వతపంక్తి సాగియున్నది. వర్జీనియా, పశ్చిమ వర్జీనియా, కెంటకీ, టెన్నెసీ, ఉత్తర కరొలీనా, జార్జియా రాష్ట్రముల కొండప్రాంతములు ఈ పంక్తిలోనివే. 18వ శతాబ్దమున ఇంగ్లండు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండులనుండి వచ్చిన కుటుంబములనేకములు ఈ లోయలలో కాపురము పెట్టినవి. వారు వెంట తెచ్చుకొనిన సొత్తులో పాటలొక భాగము. ద్రోహము చేసిన ప్రియులు, మునిగిన ఓడలు, జరిగిన హత్యలు ఆ కథాగేయములకు వస్తువులు. మన యూళ్లలో బొబ్బిలికథ నోటినుండి నోటికి వచ్చినట్లే అవి అవ్వలవలన మనుమరాండ్రకు వచ్చినవి. 1916 మొదలు 1918 వఱకు సెసిల్ షార్ప్ అను ఆంగ్లపండితుడు, మాడ్ కార్పెలిస్ అను సహాయురాలితో ఈ కొండలలో తిరిగి, తన దేశమున చాలవఱకు మఱపున పడిన పాటలు ఇచ్చట బ్రతికియుండుట కనుగొని, 1600 దాక స్వరపఱచి వ్రాసికొనెను. అది గొప్ప పనియే. కాని కాగితముపై నిలుచునది స్వరము మాత్రమే. పాడువాని గొంతులోని విఱుపు, ఊపిరి, పలుకుబడి కాగితమునకు ఎక్కవు.

వాద్యముల సంగతి చెప్పవలెను. వీరి ముఖ్యవాద్యము ఫిడేలు. మన దక్షిణదేశపు కచేరీలలో వినబడు ఫిడేలు అదియే. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారిని జనులు "ఫిడేలు నాయుడుగారు" అని పిలుచుకొనిన సంగతి మీరెఱుగుదురు. వాద్యమొక్కటియే యైనను పట్టు వేఱు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు కొనను పాదముపై ఆనించి వాయింతురు. కొండలవారిలో చాలమంది దానిని ఱొమ్మునకో, భుజమునకు దిగువనో ఆనించి వాయించిరి. కమానును ఏకకాలమున రెండు తంత్రులపై నడపుట వారి రీతి. ఒక తంత్రిపై పాట నడచుచుండ రెండవది శ్రుతివలె మ్రోగుచుండును. పాటనుబట్టి తంత్రులను వేర్వేఱు శ్రుతులకు బిగించుటయు వాడుక.

రెండవది బాంజో. మన ఊరేగింపులలో వినబడు మీటల బెంజో వేఱు, ఇది వేఱు. గుండ్రని చట్రముపై తోలు బిగించి, దానికి పొడుగుపాటి మెడ యమర్చి, అయిదు తంత్రులు కట్టుదురు. అందొకటి తక్కినవానికన్న పొట్టి. బొటనవ్రేలు దానిని మాటిమాటికి తాకుచు శ్రుతిని నిలుపును. ఈ వాద్యమునకు మూలము ఆఫ్రికా. బానిసలుగా కొనిరాబడిన నల్లజాతివారు సొరకాయబుఱ్ఱకు తోలు కప్పి చేసికొనిన వాద్యమే కాలక్రమమున బాంజోయై తెల్లవారి చేతులకును వచ్చెను. ఫిడేలు యూరోపుది, బాంజో ఆఫ్రికాది. రెండును కలసినప్పుడు ఈ కొండపాట పుట్టెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని గలదు. గిటారు వీనికి తరువాత వచ్చినది. ఈ మూడును కూడిన మేళమును వారు తంత్రీమేళమని పిలిచిరి. ఇట్టి మేళములు నాట్యమునకు వాయించినప్పుడు, ఆడువారు అలసి నిలుచువఱకు ఒకే వరుసను తిప్పి తిప్పి వాయించుచుండెడివి.

ఇక యంత్రము. 1877లో ఎడిసన్ ధ్వనిని నిలుపు యంత్రమును కనిపెట్టెను. పది సంవత్సరముల పిమ్మట బెర్లినర్ అను నతడు పళ్ళెమువంటి రికార్డును కల్పించెను. మన పల్లెలలో దానిని ప్లేటు అని వాడుదురు. గాయకుడు పెద్దకొమ్ము ముందు పాడగా, ఆ ధ్వని కొమ్ము చివరి సూదిని కదల్చును. సూది మైనపుపళ్ళెముపై గీత గీయును. ఆ మైనమునుండి లోహపు అచ్చు తీసి, అచ్చుతో రికార్డులు ఒత్తుదురు. ఒత్తుటకు కావలసిన ద్రవ్యము లక్క. లక్కయనగానే మీకు వారణావతములోని లక్కయిల్లును, ఏటికొప్పాక బొమ్మలును స్ఫురించును. రాతిపొడిలో నల్లరంగు కలిపి, లక్కతో ముద్దచేసి ఒత్తినదే రికార్డు. అందులకు వాడిన లక్కలో అధికభాగము మన భారతదేశమునుండియే పోయెను. ఛోటా నాగపూరు అడవులలో మోదుగ, రేగు మున్నగు చెట్లపై పురుగులు పెట్టిన లక్క ఓడలెక్కి అమెరికా చేరి, అచ్చటి కొండవాని గొంతును మోసెను. పది అంగుళముల రికార్డుపై ఒక ప్రక్క పట్టు కాలము ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే.

ఇట్టి యంత్రము ముందఱకు ఈ పల్లెవారు వచ్చుట యెట్లు జరిగెను? 1922 జూన్ మాసాంతమున ఎక్ రాబర్ట్‌సన్ అను టెక్సాస్ ఫిడేలువాడు, హెన్రీ గిల్లిలండ్ అను వృద్ధుడు న్యూయార్కునకు పోయి విక్టర్ కంపెనీవారి తలుపు తట్టిరి. గిల్లిలండ్ అంతర్యుద్ధములో పోరిన సిపాయి. వారు తమంత తాము వచ్చి, తమ వాద్యము పట్టుమని యడిగిరి. జూన్ 30న ఇద్దఱును కూడి వాయించిరి. మఱునాడు రాబర్ట్‌సన్ ఒక్కడే "శాలీ గూడెన్" అను నాట్యపు వరుసను వాయించెను. ఒకే చిన్న వరుసను ఎన్ని విధముల త్రిప్పవచ్చునో ఆ మూడు నిమిషములలో చూపెను. నేను దానిని పలుమాఱులు విన్నాను. సంగతిపై సంగతి వేయు మన విద్వాంసుని పనితనము ఎఱిగినవారికి ఆ వాదనము చెవికి క్రొత్తగా తోపదు.

అయినను వర్తకులకు కన్ను తెఱిపించినది ఆ మఱుసటి సంవత్సరము. జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమున పోక్ బ్రాక్‌మన్ అను యువకుడు సామానుల అంగడిలో గ్రామఫోనులు, రికార్డులు అమ్ముచుండెను. ఆ యూరిలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అను నతడు బట్టల మిల్లులో పనిచేసినవాడు, ఫిడేలుతో జనులను మురిపించువాడు. 1922లో క్రొత్తగా వెలసిన ఆ నగరపు రేడియోలోను అతడు పాడియుండెను. బ్రాక్‌మన్ కోరికపై ఓకే కంపెనీవారి పనివాడు రాల్ఫ్ పీర్ 1923 జూన్‌లో యంత్రముతో అట్లాంటాకు వచ్చి కార్సన్ పాట పట్టెను. పీర్‌కు ఆ గొంతు ఎంతమాత్రము నచ్చలేదు. అమ్ముటకు తగదని తలచెను. బ్రాక్‌మన్ పట్టుపట్టి 500 రికార్డులు తనకై ఒత్తింపుమనెను. అవి కంపెనీ జాబితాకైన ఎక్కలేదు. వచ్చినవి వచ్చినట్లే అమ్ముడుపోయెను. మఱల కావలెనని వార్త పోయెను. ఆ నవంబరులోనే కంపెనీ కార్సన్‌ను న్యూయార్కునకు పిలిపించి మఱిన్ని పాటలు పట్టెను.

పట్టణపు చెవికి మోటుగా తోచిన గొంతు పల్లెవారికి తమ యింటి గొంతుగా తోచెను. అంతకుముందు రికార్డులలో విన్నవెల్ల పరుల పాటలు. ఇప్పుడు తమ యూరి యాసతో తమ పాట వినబడెను. కొనినవారు ధనవంతులు కారు. ఒక రికార్డు వెల సాధారణముగ 75 సెంట్లు. మిల్లుకూలీకి అది స్వల్పము కాదు. అయినను కొనిరి.

ఆపై కంపెనీలన్నియు కొండలవైపు పరుగిడినవి. 1924లో టెన్నెసీవాడైన అంకుల్ డేవ్ మేకన్ న్యూయార్కునకు పోయి రికార్డులిచ్చెను. ఇతని కథ మీకు నచ్చును. ఇతడు 1870లో జన్మించి, చాలకాలము కంచరగాడిదల బండ్లపై సరుకులు తోలుచు, దారిపొడవున పాడుచుండెను. 1920 ప్రాంతమున మోటారు లారీలు వచ్చి అతని బండ్లకు పని లేకుండ చేసినవి. ఏబదియేండ్లు దాటిన వయస్సున అతడు బాంజో చేతబట్టి పాటయే వృత్తిగా స్వీకరించెను. 1952లో మరణించువఱకు అతనికి అదియే జీవనము. ఒక యంత్రము త్రోసివేసినవానిని వేఱొక యంత్రము చేరదీసెను.

1925 జనవరిలో ఉత్తర కరొలీనా, వర్జీనియాలవారి మేళమొకటి న్యూయార్కున పాడెను. మేళమునకు పేరేమి పెట్టవలెనని పీర్ అడుగగా, ఆ మేళపు నాయకుడు ఆల్ హాప్‌కిన్స్ తాము వట్టి హిల్‌బిల్లీలమని వినయముగనో వేళాకోళముగనో పలికెను. హిల్‌బిల్లీ యనగా కొండమోటువాడని యర్థము. పీర్ ఆ మాటనే పేరుగా వ్రాసికొనెను. త్వరలో ఆ పేరు ఈ జాతి పాటలన్నిటికి అంటుకొనెను. పాడువారిలో కొందఱు దానిని నిందగా తలచిరి. కొందఱు నవ్వి ఊరకుండిరి. అదే యేడు కొమ్మునకు బదులు మైక్రోఫోను వాడుకలోనికి వచ్చెను. మెల్లని గొంతులు, సన్నని తంత్రుల నాదము సయితము పట్టువడసాగెను. 1925 నవంబరు 28న నాష్‌విల్ రేడియోలో, 77 ఏండ్ల అంకుల్ జిమ్మీ టాంప్సన్ ఫిడేలుతో శనివారపు పాటల కూటమి ప్రారంభమాయెను. రెండేండ్లకు దానికి గ్రాండ్ ఓల్ ఓప్రీ అను పేరు వచ్చెను. అది నేటికిని నడచుచున్నది.

1925 జూలైలో చార్లీ పూల్ అను మిల్లుకూలీ తన ముగ్గురి మేళముతో కొలంబియా కంపెనీకి పాడెను. బాంజో అతనిది. ఆ మేళపు మొదటి రికార్డు లక్షకు మించి, 1,02,000 దాక అమ్ముడుపోయెను. ఆనాటి పనికి మేళమంతటికి ముట్టినది 75 డాలర్లు. లెక్క మీరే వేసికొనుడు. 1926 మొదలు కొలంబియావారే అట్లాంటాలో స్కిల్లెట్ లిక్కర్స్ అను మేళమును పట్టిరి. దాని పెద్ద గిడ్ టానర్ కోళ్ల పెంపకము చేయువాడు. గిటారు వాయించి పాడిన రైలీ పకెట్ అంధుడు. ఫిడేలు పనితనమున క్లేటన్ మెక్‌మిచెన్ మేటి.

ఇక అన్నిటికన్న ప్రసిద్ధమైన ఘట్టము బ్రిస్టల్ పట్టణమున జరిగినది. ఈ యూరి నడివీథి టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రములకు పొలిమేర. వీథికి ఒకవైపు ఒక రాష్ట్రము, రెండవవైపు వేఱొక రాష్ట్రము. పీర్ అప్పటికి విక్టర్ కంపెనీ పక్షమున పనిచేయుచుండెను. 1927 జూలై 25న టోపీల కంపెనీవారి పాత కట్టడమున అతడు దుప్పట్లు వ్రేలాడగట్టి యంత్రము నెలకొల్పెను. మైనపుపళ్ళెమును త్రిప్పుటకు పైనుండి ఒక బరువు మెల్లగా దిగుచుండునట్లు అమర్చిరి. మొదటి దినములలో జనులంతగా రాలేదు. అంతట ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అను గాయకుడు గడచిన యేట రికార్డులవలన 3,600 డాలర్లు సంపాదించెనని ఆ యూరి పత్రిక ప్రకటించెను. అది చదివి కొండలనుండి జనులు కాలినడకను, బండ్లపైని, రైళ్లపైని వచ్చిరి. ఆగస్టు 5 నాటికి 19 మేళములవారు 76 పాటలు ఇచ్చిరి. ఒక్కొక్క పాటకు పీర్ ఇచ్చిన ధనము 50 డాలర్లు.

అట్లు వచ్చినవారిలో ఏ. పి. కార్టర్, అతని భార్య సారా, సారాకు పినతల్లి బిడ్డయు ఏ. పి. తమ్మునికి భార్యయునైన మేబెల్ అను మువ్వురు. మేబెల్‌కు అప్పుడు 18 ఏండ్లు, గర్భవతి. గతుకుల దారిని మోటారుబండిలో వచ్చి ఆగస్టు 1, 2 తేదీలలో ఆఱు పాటలిచ్చిరి. సారా గొంతు తిన్ననిది, ఆడంబరము లేదు. మేబెల్ గిటారుపై బొటనవ్రేలితో మందరతంత్రులపై పాటను నడపుచు, తక్కిన వ్రేళ్లతో పైతంత్రులపై తాళము వేయుచుండెను. ఆ రీతిని తరువాతి గిటారువారెందఱో అనుసరించిరి. ఆగస్టు 4న జిమ్మీ రాడ్జర్స్ అను నతడు పాడెను. రైలుబండ్లపై పనిచేసి, క్షయరోగమువలన ఆ పనిని మానినవాడు. ఆఱేండ్లలో దేశమెల్ల కీర్తి నొంది, 1933 మే మాసమున న్యూయార్కులో పాటకును పాటకును నడుమ మంచముపై విశ్రమించుచు రికార్డులిచ్చి, రెండు దినములలో మరణించెను. వయస్సు 35.

ఇచ్చట ఒక చిక్కును గమనింపుడు. పీర్ చతురుడు. పాతపాటను ఎవరైనను పాడవచ్చును. దానిపై ఎవరికిని హక్కు లేదు. క్రొత్తపాటయైనచో, లేక పాతదానిని క్రొత్తగ కూర్చినచో, దానిపై హక్కు వ్రాయించుకొనవచ్చును. అమ్ముడుపోయిన ప్రతి రికార్డుకు ఆ హక్కువలన ధనము వచ్చును. పీర్ ఆ హక్కులను తానుంచుకొని, పాడినవారికి కొంత భాగమిచ్చెను. ఆ కొంతయు ఈయని కంపెనీలు అప్పుడు కలవు గనుక అతనిని వట్టి దోపరియని యనజాలము. కాని దాని ఫలమేమి? కార్టర్ పాటలకై కొండలన్నియు తిరుగవలసివచ్చెను. అతనికి తోడు లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారువాడు. సిమెంటు కర్మాగారమున జరిగిన ప్రమాదమువలన ఒక కాలు పోయినవాడు. ఇంటింటికి పోయి ముసలివారిచేత పాడించుకొనునప్పుడు కార్టర్ మాటలు వ్రాసికొనును. రిడిల్ వరుసను మనస్సున నిలుపుకొనును. ఒకసారి విన్నది మఱువని ధారణ అతనిది. అట్లు వచ్చిన పాటలపై ఏ. పి. కార్టర్ పేరు పడెను. రిడిల్ పేరు చాలకాలము ఎవరికిని తెలియదు. ఊరందఱి పాట ఒకని సొత్తుగా వ్రాతలోనికి ఎక్కెను. కార్టర్ తిరుగకున్నచో ఆ పాటలలో ఎన్ని పోయెడివో అదియు చెప్పజాలము. మేలు, కీడు ఒకే పనిలో పెనవేసికొనియున్నవి.

మఱియొక నష్టము కాలమునకు సంబంధించినది. ఇరువది ముప్పది చరణముల కథాగేయమును మూడు నిమిషములకు కుదింపవలసివచ్చెను. కథలో కొంత విడిచిరి. రాత్రియెల్ల సాగు నాట్యపు వరుస నడుమనే తెగెను. మన నాటకపు పద్యములు గ్రామఫోనుకెక్కినప్పుడు రాగాలాపనను ఎట్లు కుదించిరో వృద్ధులెఱుగుదురు. అంతేకాక, రికార్డు వచ్చిన పిమ్మట కుఱ్ఱవాండ్రు మేనమామ వరుసను విడిచి రికార్డు వరుసనే నేర్చుకొనసాగిరి. ఏటికొక రీతిగ, లోయకొక రీతిగ నుండిన పాట ఒక్క రీతికి వచ్చెను.

అన్నిటికన్న పెద్ద అన్యాయము వేఱొకటి. కంపెనీలవారు జాబితాలను రెండుగా చీల్చిరి. తెల్లవారి పల్లెపాటలు హిల్‌బిల్లీ జాబితాలోను, నల్లవారి పాటలు రేస్ రికార్డులను వేఱు జాబితాలోను వేసిరి. నల్లవాడు బ్లూస్ పాడవలెను, తెల్లవాడు ఫిడేలు వాయింపవలెనని వర్తకుల యూహ. నల్లవారిలో ఫిడేలు, బాంజో మేళములు ఎన్నియో యుండగా వానిని పట్టుట అరుదాయెను. జీవితమున చీలిక అంత తిన్నగా లేదు. 1927లో జిమ్ బూకర్ అను నల్లజాతి ఫిడేలువాడు తెల్లవారి మేళముతో కలసి రికార్డులిచ్చెను. మిసిసిపీలో నార్మూర్, స్మిత్ అను తెల్లవారు తమ పొరుగువాడైన జాన్ హర్ట్ అను నల్లజాతివాని పాట వినుడని ఓకే కంపెనీకి తామే చెప్పిరి. అందువలననే 1928లో అతని పాట రికార్డుకెక్కెను. పొరుగువారు కలసి పాడిన పాటను జాబితా విడదీసెను. బాంజో ఎచ్చటినుండి వచ్చెనో మొదట చెప్పితిని. రికార్డులు మాత్రమే విన్న తరువాతితరమువారు బాంజో తెల్లవారి వాద్యమేయని నమ్మిరి. పట్టనిది లేనిదిగా తోచెను.

1929లో అమెరికాలో ఆర్థికసంక్షోభము వచ్చెను. 1927లో సుమారు 10 కోట్ల 40 లక్షల రికార్డులు అమ్ముడుపోగా, 1932లో 60 లక్షలకు దిగెను. కంపెనీలు కొండలకు పోవుట మానినవి. పాడినవారు మఱల మిల్లులకు, గనులకు పోయిరి. డాక్ బాగ్స్ అను బొగ్గుగని కార్మికుడు బాంజోను కుదువపెట్టి ఇంచుమించు 25 ఏండ్లు దానిని ముట్టలేదు. చార్లీ పూల్ 1931లో 39వ యేట మరణించెను. ఆపై రెండవ ప్రపంచయుద్ధము. మనదేశపు లక్క ఓడలపై పోవుట కష్టమాయెను. ఉన్న లక్క యుద్ధపు పనులకు కావలసివచ్చెను. 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్క వాడుకను మిక్కిలి తగ్గించెను. పాత రికార్డులను ప్రోగుచేసి, పొడిచేసి, క్రొత్తవానికి వాడిరి. అట్లు నలిగిపోయిన పాటల సంఖ్య ఎవరికెఱుక?

ఆ కుప్పలలో వెదకి కొన్నిటిని దక్కించుకొనినవాడు హ్యారీ స్మిత్ అను యువకుడు. 1952లో ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా అతడు 84 పాత పాటలను సంపుటములుగ వెలువరించెను. అన్నియు 1927కును 1932కును నడుమ వ్యాపారమునకై పట్టినవే. అతడొక మంచిపని చేసెను: పాడినవాడు తెల్లవాడో నల్లవాడో ఎచ్చటను వ్రాయలేదు. వర్తకుడు చీల్చిన జాబితాను అట్లు మఱల కుట్టెను. ఆ సంపుటములు విన్న యువకులు ఆ పాడినవారిలో బ్రతికియున్నవారెవరోయని వెదకిరి. జాన్ హర్ట్ తన పాటయొకదానిలో తన యూరు అవలాన్ అని చెప్పుకొనియుండెను. 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుడు ఆ యొక్క మాటను పట్టుకొని ఆ చిన్నపల్లెకు పోగా, 35 ఏండ్ల క్రింద పాడినవాడు పొలముపనులు చేసికొనుచు అచ్చటనే యుండెను. హర్ట్ తన చివరి మూడేండ్లు గొప్ప సభలలో పాడి 1966లో మరణించెను. డాక్ బాగ్స్‌ను 1963లోనే మైక్ సీగర్ కనుగొని మఱల పాడించెను.

పట్టక విడిచినదాని మాట యేమి? ఉత్తర కరొలీనాలో జో టాంప్సన్ అను నల్లజాతి ఫిడేలువాడు 1918లో పుట్టి 2012 వఱకు జీవించెను. తండ్రినుండి నేర్చిన వరుసలు అతని చేతిలో నుండెను. 2005 ప్రాంతమున ముగ్గురు నల్లజాతి యువజనులు అతని యింటికి పోయి, ఎదుట కూర్చుండి, గురుముఖముగ నేర్చిరి. వారే కరొలీనా చాకొలెట్ డ్రాప్స్ అను మేళముగా ఏర్పడి, ఆ పాటను తిరిగి లోకమునకు వినిపించిరి. ఒక వృద్ధుడు 85 ఏండ్లు దాటియు ఫిడేలు విడువకుండుటచే ఆ యొక్క పాయ ఎండిపోలేదు. ఆయనకు ముందే మరణించినవారి పాటలు మఱల రావు.

నేను తెలుగుపండితుడను గావున మన యింటి దృష్టాంతమొకటి చెప్పి ముగించెదను. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిఱేకులపై చెక్కబడి తిరుమలలో భద్రపఱుపబడినవి. మాట చెడలేదు, రాగము పేరు సయితము దక్కినది. కాని ఆయన ఏ వరుసను పాడెనో ఆ వరుస దక్కలేదు. నేడు మనము వినునవి తరువాతి విద్వాంసులు కూర్చినవి. రాగిఱేకుకు లేని శక్తి లక్కకు ఉండెను, గొంతునే పట్టెను. అయితే రాగిఱేకులు భక్తితో చెక్కించినవి; లక్క రికార్డులు లాభముకొఱకు ఒత్తించినవి. అందుచే అవి మూడు నిమిషములకు మించి వినలేదు, అమ్ముడుపోనివానిని అడుగలేదు.

నేడు మీ మనుమల చేతిలో నున్న ఫోనుకు లక్క అక్కఱలేదు, వర్తకుడు అక్కఱలేదు, మూడు నిమిషముల నియమము లేదు. మీకు వచ్చిన దంపుళ్ల పాటయు, నాట్ల పాటయు, జాముల తరబడి సాగు కథయు కుదింపక, మొదటినుండి చివరివఱకు పాడి పట్టింపుడు. ఎవరివలన నేర్చితిరో వారి పేరును, ఊరును, ఏ పనివేళ పాడుదురో దానిని పాటకు ముందే చెప్పుడు. లెస్లీ రిడిల్ పేరువలె మఱుగుపడనీయకుడు. ఊరిలో ఏ వాడ పాటను విడువకుడు. మన పాట, వారి పాటయని జాబితాలు చీల్పకుడు. పాట వచ్చిన ముసలివారు మీ యూరిలో ఇంకను ఎవరెవరు కలరో ఈ వారములోనే విచారింపుడు.